వింగర్ వేగం, దమ్ము, జట్టు వ్యూహం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు వింగర్ (గ్రౌండు పక్క గీత వెంట ఆడుతూ దాడి చేసే ఆటగాడు) ఆట గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. క్రికెట్ రాజ్యమేలే చోట ఫుట్‌బాల్‌ను నమ్ముకున్న ప్రతి కోచ్‌కూ తెలిసిన సంగతి ఒకటుంది. నైపుణ్యమున్న వింగర్ దొరకడమే అరుదు, దొరికినవాణ్ణి అలసటతో పోగొట్టుకోవడం మాత్రం చాలా సులువు. ఆ అలసటకు పిల్లవాడి కాళ్ళకంటే జట్టును నిలబెట్టిన తీరే ఎక్కువసార్లు కారణమవుతుందని నా గట్టి నమ్మకం. జవాబులన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి.

మా అబ్బాయి వంద మీటర్ల పరుగులో స్కూలు మొత్తానికీ మొదటివాడు. మ్యాచ్‌లో మాత్రం అరగంటకే నెమ్మదిస్తున్నాడు. దమ్ము లేదనుకోవాలా?

అప్పుడే ఆ మాట అనకండి. వంద మీటర్ల పందెంలో ఒక్కసారి పరుగెత్తి ఆగిపోతాడు. మ్యాచ్‌లో పది, పదిహేను, ముప్ఫై మీటర్ల పరుగులు మళ్ళీ మళ్ళీ తీయాలి. వాటి మధ్య విరామం ఎంత దొరుకుతుందో ఆటే నిర్ణయిస్తుంది.

పూర్తి వేగంతో పరుగెత్తే మొదటి కొద్ది సెకన్లకు కండరం తనలో దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంధనాన్ని వాడుకుంటుంది. అది త్వరగా ఖర్చయిపోతుంది. ఖర్చయినదాంట్లో దాదాపు సగం అర నిమిషం నుంచి నిమిషం లోపు తిరిగి చేరుతుంది. పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. కాబట్టి మీ అబ్బాయి ముందుకు ఒక పరుగు తీసి, బంతి పోగానే అంతే వేగంతో వెనక్కి పరుగెత్తి, ఇరవై సెకన్లలో మళ్ళీ ముందుకు దూకాల్సి వస్తే ఆ మూడో పరుగు నెమ్మదించి తీరుతుంది. ఎంతటి ఆటగాడికైనా అంతే.

అందుకే ముందుగా చూడవలసింది అతను రెండు పెద్ద పరుగుల మధ్య ఎంతసేపు నడుస్తున్నాడు, ఎంతసేపు నిలబడుతున్నాడు అన్నది. ఆ విరామం ఇచ్చేదీ, లాక్కునేదీ జట్టు వ్యూహమే. విరామం చాలినంత దొరికినా నెమ్మదిస్తుంటే అప్పుడు దమ్ము గురించి ఆలోచిద్దాం.

వింగర్ ఒక మ్యాచ్‌లో ఎంత దూరం పరుగెత్తుతాడు?

పెద్ద స్థాయి ఆటలో తొంభై నిమిషాలకు సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు. అందులో నిజమైన స్ప్రింట్లు కొన్ని వందల మీటర్లే. మిగిలినదంతా నడక, నెమ్మది పరుగు, పక్కకు జరగడం. మ్యాచ్‌ను మార్చేవి ఆ కొన్ని వందల మీటర్లే కాబట్టి వాటిని ఎక్కడ ఖర్చు పెట్టిస్తున్నామన్నదే కోచ్ ఆలోచించుకోవలసిన విషయం.

మా జట్టు ఎక్కువసేపు వెనక్కి తగ్గి రక్షణ చేస్తుంది. వింగర్ మీద దాని ప్రభావం ఎలా ఉంటుంది?

కాగితం మీద లెక్క వేద్దాం. పూర్తి కొలత గ్రౌండు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. జట్టు బాగా వెనక్కి తగ్గితే వింగర్ మన గోల్ గీతకు 30 మీటర్ల దూరంలో, ఫుల్‌బ్యాక్‌కు (అదే పక్కన వెనుక కాపలా కాసే డిఫెండర్) కాస్త ముందు నిలబడతాడు. బంతి చిక్కిన తర్వాత ప్రత్యర్థి పెనాల్టీ పెట్టె పక్కకు, అంటే క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు వేసే బంతి) కొట్టే చోటికి చేరాలంటే 60 మీటర్లు పరుగెత్తాలి. దాడి విఫలమైతే మళ్ళీ 60 మీటర్లు వెనక్కి. ఒక్క రాకపోకకు 120 మీటర్లు. మ్యాచ్‌లో ఇరవైసార్లు అలా తిరిగితే 2,400 మీటర్లు.

అదే వింగర్‌ను ఇరవై మీటర్లు ముందుకు జరిపి, మధ్య గీతకు దగ్గరగా నిలబెట్టండి. రాకపోక 80 మీటర్లకు తగ్గుతుంది. ఇరవైసార్లకు 1,600. జట్టు నిలబడే గీత ఒక్కటి మారితే 800 మీటర్లు ఆదా అయ్యాయి.

దూరం కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. 60 మీటర్ల పరుగు చివర డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపిస్తూ ప్రత్యర్థిని దాటడం) చేయాల్సి వస్తే ఇంధనం అప్పటికే అడుగంటి ఉంటుంది. బంతిని అదుపు చేసే స్పర్శ మొరటుగా మారుతుంది, క్రాస్ మొదటి డిఫెండర్ కాలికే తగులుతుంది. గట్టు మీద కూర్చున్నవాళ్ళు "ఆఖరి పాస్ రాదు వీడికి" అని తేల్చేస్తారు. అదే పిల్లవాడు ప్రాక్టీసులో నిలబడి కొడితే బంతి నేరుగా స్ట్రైకర్ తల మీద పడుతుంది. రెండూ అతని కాళ్ళే. క్రాస్‌కు ముందు పెట్టిన పరుగే తేడా.

వెనక్కి తగ్గి ఆడడం తప్పని నేను అనను. 2010 ఏప్రిల్ 28న యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో ఇంటర్ మిలాన్ బార్సిలోనా గడ్డ మీద ఆడింది. 28వ నిమిషంలోనే థియాగో మోట్టాకు ఎర్ర కార్డు పడింది. గోల్స్ కొట్టడమే వృత్తిగా ఉన్న శామ్యూల్ ఎటో ఆ రోజు పక్కన నిలబడి దాదాపు ఫుల్‌బ్యాక్‌లా కాపలా కాశాడు. ఇంటర్ 0-1తో ఓడినా రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో ఫైనల్ చేరింది. ఆ ఒక్క రాత్రికి అది గొప్ప త్యాగం. ఆ ఆటలో అతని నుంచి దాడిని ఎవరూ ఆశించలేదని గుర్తుంచుకోవాలి. మన దగ్గర చిక్కంతా అక్కడే వస్తోంది. పిల్లవాణ్ణి ఎటోలా కాపలా పెడతాం, తర్వాత గోల్ ఏదని అడుగుతాం.

అయితే ముందుకెళ్ళి ప్రెస్ చేసే (ప్రత్యర్థి దగ్గర బంతి ఉండగానే మీదపడి లాక్కోవాలని చూసే) జట్టులో వింగర్‌కు సుఖమా?

సుఖం అనలేం. పరుగుల పొడవు తగ్గుతుంది, సంఖ్య పెరుగుతుంది. ప్రత్యర్థి గోల్‌కీపర్ బంతిని ఫుల్‌బ్యాక్‌కు వేసిన ప్రతిసారీ వింగర్ పది పదిహేను మీటర్లు దూకి అడ్డు పడాలి, చప్పున ఆగాలి, మళ్ళీ తిరగాలి. ఇలా వేగాన్ని ఒక్కసారిగా తగ్గించడం తొడ కండరాల మీద పెద్ద భారం వేస్తుంది. కంటికి కనిపించని ఖర్చు ఇది.

లాభం కూడా పెద్దదే. బంతి అక్కడే చిక్కితే గోల్ 30 మీటర్ల లోపే ఉంటుంది. వింగర్ తాజా కాళ్ళతో డ్రిబుల్ చేస్తాడు.

అయితే జట్టంతా కలిసి కదలాలి. స్ట్రైకర్ ఒకవైపు దారి మూయకుండా, వెనుక మిడ్‌ఫీల్డర్ ముందుకు రాకుండా వింగర్ ఒక్కడే దూకితే రెండు పాసుల్లో అతణ్ణి దాటేస్తారు. స్కూలు జట్లకు నేను చెప్పేది ఇదే. తొంభై నిమిషాలూ ప్రెస్ చేయాలని పెట్టుకోవద్దు. ప్రత్యర్థి వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు, బంతి గాల్లోంచి వచ్చి సరిగ్గా అదుపు కానప్పుడు, ఫుల్‌బ్యాక్ గీత వైపు ముఖం పెట్టి బంతి అందుకున్నప్పుడు మాత్రమే దూకాలి. ఈ మూడు గుర్తులూ జట్టులో అందరికీ ఒకేలా తెలిసి ఉండాలి. మిగతా సమయంలో నిలబడి దారి మూస్తే చాలు.

వింగర్ దమ్ముకూ, వెనుక ఆడే ఫుల్‌బ్యాక్‌కూ సంబంధం ఏమిటి?

ఇది అందరూ అడగవలసిన ప్రశ్న, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. వింగర్, ఫుల్‌బ్యాక్ ఇద్దరూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల జత. ఒకటి లాగకపోతే రెండోదాని మెడ మీద పుండు పడుతుంది.

ఫుల్‌బ్యాక్ ఎప్పుడూ వెనుకే ఉండిపోతే వింగర్ ఎదురుగా ఇద్దరు ప్రత్యర్థులు చేరుతారు. ప్రతిసారీ ఇద్దరినీ దాటాలి. అదే ఫుల్‌బ్యాక్ బయటి వైపు నుంచి దూసుకువస్తే ఆ ఇద్దరిలో ఒకడు అతని వెంట పోక తప్పదు. ఫుల్‌బ్యాక్‌కు బంతి అందకపోయినా ఫర్వాలేదు. అతను తీసిన ఒక్క పరుగు వింగర్‌కు ఒక డ్రిబుల్‌ను మిగిలిస్తుంది.

ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ జట్టును కోచ్ యుర్గన్ క్లాప్ నడిపిన రోజుల్లో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. 2018-19 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో కుడి ఫుల్‌బ్యాక్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 12, ఎడమ ఫుల్‌బ్యాక్ రాబర్ట్‌సన్ 11 గోల్స్‌కు ఆఖరి పాస్ ఇచ్చారు. గ్రౌండు వెడల్పును వాళ్ళిద్దరూ చూసుకున్నారు కాబట్టి వింగర్లు సలా, మానే గీత వదిలి గోల్ దగ్గర తిరిగారు. చెరొక 22 గోల్స్ కొట్టారు. వింగర్ల వేగాన్ని గోల్ ముందరి ఇరవై ముప్ఫై మీటర్లలో ఖర్చు పెట్టించిన వ్యూహం అది.

మరి ఫుల్‌బ్యాక్ ముందుకు పోతే వెనుక ఖాళీని ఎవరు కాస్తారు? చాలా జట్లలో ఆ పని చెప్పకుండానే వింగర్ నెత్తిన పడుతుంది. అలా కాకుండా ఒక మిడ్‌ఫీల్డర్‌కు ముందే ఒప్పజెప్పండి. "నువ్వు అటు జరిగి కాయి" అన్న ఒక్క మాట వింగర్‌కు సగం ఆయాసం తగ్గిస్తుంది.

ఎడమ కాలి వాటం వాణ్ణి కుడి వైపు ఆడిస్తున్నారు. వేగం వృథా కాదా?

కాదు, వేగం వాడే చోటు మారుతుంది. సొంత కాలి వైపు ఆడే వింగర్ గీత వెంట పొడవైన పరుగు తీసి క్రాస్ కొడతాడు. ఎదురు వైపు ఆడేవాడు ఐదారు మీటర్లు దూకి, లోపలికి తిరిగి షాట్ కొడతాడు. మొదటివాడికి గరిష్ఠ వేగం కావాలి. రెండోవాడికి మొదటి మూడడుగుల విసురు, ఆగి తిరగగల బలం కావాలి.

అర్యెన్ రాబెన్ 2009 నుంచి 2019 వరకు బయెర్న్ మ్యూనిక్‌లో ఇదే ఆట ఆడాడు. ఎడమ కాలు, కుడి వైపు. లోపలికే వస్తాడని డిఫెండర్లందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. 2013 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో డార్ట్‌మండ్ మీద 89వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది అతనే. మ్యాచ్ చివరి వరకు ఆ విసురు మిగుల్చుకోగలిగాడంటే అతని పక్కన గీత వెంట పరుగెత్తే పని ఫిలిప్ లామ్ లాంటి ఫుల్‌బ్యాక్ చూసుకోవడం ఒక కారణం.

మీ జట్టులో అలా పరుగెత్తే ఫుల్‌బ్యాక్ లేకపోతే ఈ మార్పు చేయకండి. అందరూ మధ్యలోకే వచ్చి ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటారు.

బంతిని వింగర్ కాళ్ళకు ఇవ్వాలా, ముందున్న ఖాళీలోకి వేయాలా?

ఎదురుగా ఉన్న డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో, అతని వెనుక ఎంత ఖాళీ ఉందో చూసి నిర్ణయించాలి. అయినా మన గ్రౌండ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటి చెబుతాను.

వింగర్ పరుగు మొదలుపెడతాడు. మిడ్‌ఫీల్డర్ బంతిని ఒకసారి అదుపు చేసి, రెండోసారి సర్దుకుని, మూడో స్పర్శకు తల ఎత్తుతాడు. అప్పటికి వింగర్ ఆఫ్‌సైడ్ గీత (ప్రత్యర్థి చివరి డిఫెండర్ ఉన్న వరుస; పాస్ వేసే క్షణానికి దాన్ని దాటి ఉండకూడదు) దగ్గర ఆగిపోయి ఉంటాడు, లేదా దాటిపోయి ఉంటాడు. పాస్ వెనక్కి, కాళ్ళ దగ్గరికి వస్తుంది. గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకుంటాడు. ఈలోపు డిఫెండర్ వచ్చి వీపు మీద చేరతాడు. తీసిన పరుగు బూడిదలో పోసిన పన్నీరు. ఇప్పుడు నిలబడ్డ చోటు నుంచి మళ్ళీ వేగం పుట్టించాలి. ఒక అవకాశానికి రెండు స్ప్రింట్ల ఖర్చు.

అదే మిడ్‌ఫీల్డర్ బంతి రాకముందే ఒకసారి తల తిప్పి చూసి, రెండో స్పర్శకే పాస్ వేస్తే వింగర్ పరుగులోనే బంతి అందుకుంటాడు. డిఫెండర్ అప్పుడు వెనక్కి తిరిగి పరుగెత్తాలి. తిరగడానికి అతనికి పట్టే క్షణమే మన పిల్లవాడి లాభం. కాబట్టి వింగర్ వేగం పెరగాలంటే ముందు మిడ్‌ఫీల్డర్ చేత తల తిప్పి చూడడం అభ్యాసం చేయించండి. ఈ మాట వినగానే కొందరు వింతగా చూస్తారు, అయినా చెబుతూనే ఉంటాను.

త్రో-ఇన్ నుంచి, గోల్ కిక్ నుంచి, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. వేగమున్న వింగర్ ఈ మూడు సందర్భాల్లో ఆఫ్‌సైడ్ గీత కోసం ఆగనవసరం లేదన్న సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. చెప్పండి.

వింగర్‌ను వింగ్‌బ్యాక్‌గా మార్చవచ్చా?

దమ్మున్నవాణ్ణి మార్చవచ్చు. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో (మధ్యలో ఆడే డిఫెండర్లు) ఆడే జట్టులో ఆ పక్క మొత్తం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఒక్కడిదే. 2016-17లో అంటోనియో కాంటే చెల్సీలో వింగర్ విక్టర్ మోజెస్‌ను కుడి వింగ్‌బ్యాక్‌గా మార్చి ప్రీమియర్ లీగ్ గెలిచాడు. మోజెస్‌కు బలం, ఓర్పు రెండూ ఉన్నాయి. డ్రిబ్లింగే ప్రాణంగా ఉన్న పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి, ఆ స్థానంలో వేరే ఎవరూ దొరకలేదన్న కారణంతో అక్కడ పెట్టడం మాత్రం అన్యాయం. ఏడాది తిరిగేసరికి అతను రక్షణలో మధ్యరకంగా, దాడిలో మధ్యరకంగా మిగులుతాడు.

నైపుణ్యమున్న వింగర్ రక్షణకు వెనక్కి రావాలా వద్దా?

1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఈ ప్రశ్నకు రెండు వైపులా రెండు జవాబులు చెప్పింది. కుడి వైపు గరించా. కాళ్ళు వంకర, డ్రిబ్లింగ్ అద్భుతం. అతణ్ణి దాడికే వదిలేశారు. ఫైనల్‌లో స్వీడన్ మీద అతను కుడి గీత చివర నుంచి ఇచ్చిన బంతులతో వావా రెండు గోల్స్ కొట్టాడు. బ్రెజిల్ 5-2తో గెలిచింది. ఎడమ వైపు జగాలో. అవసరమైనప్పుడల్లా వెనక్కి వచ్చి మిడ్‌ఫీల్డ్‌లో మూడోవాడిగా నిలబడ్డాడు. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌ల లెక్కలో పేరుకు 4-2-4, ఆడింది చాలాసేపు 4-3-3. ఒక వింగర్ స్వేచ్ఛకు రెండో వింగర్ పరుగులు మూల్యం చెల్లించాయి, జట్టు మొత్తం ఆ బేరానికి ఒప్పుకుంది.

మన గడ్డ మీద ఈ లెక్కలు తెలిసిన మనిషి హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద గెలిచిన 2-1 స్కోరులో మొదటి గోల్ కుడి వింగర్ పి.కె. బెనర్జీది. అంత ఘనమైన వారసత్వం పక్క రాష్ట్రంలోనే ఉండగా మన పిల్లలకు ఆ పేర్లు తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

ప్రశ్నకు నా జవాబు: ఇద్దరు వింగర్లూ ప్రతిసారీ వెనక్కి రానక్కర్లేదు. బంతి ఎటువైపు ఉంటే అటువైపు వింగర్ రావాలి, రెండోవాడు మధ్య గీత దగ్గర ఆగాలి. అతను అక్కడ ఉన్నంతసేపూ ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ కూడా ముందుకు రావడానికి జంకుతాడు. నిలబడడం కూడా రక్షణే.

మే నెలలో మా ఊళ్ళో టోర్నమెంటు. ఎండకు వింగర్లే ముందుగా పడిపోతున్నారు. ఏం చేయాలి?

రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెట్టే నిర్వాహకులకు ముందు నచ్చజెప్పండి. ఉదయం ఆరున్నరకో సాయంత్రం ఐదున్నరకో మార్చమనండి. ఇది బతిమాలవలసిన విషయం కాదు, పట్టుబట్టవలసిన విషయం.

మన ఎండలో రెండు రకాలున్నాయి. పడమటి గాలి వీచేటప్పుడు పొడి వేడి, వడగాలి. తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగాక వేడి కాస్త తగ్గుతుంది గానీ ఉక్క పెరుగుతుంది. ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒంగోలు, నెల్లూరు సాయంత్రాల్లో "గాలి వస్తోంది, ఇబ్బంది లేదు" అనుకుని పిల్లల్ని ఎడతెగకుండా పరుగెత్తించడం ప్రమాదం. ఒంట్లోని నీరు శరీర బరువులో రెండు శాతం తగ్గినా ఓర్పు దెబ్బతింటుంది. యాభై కిలోల పిల్లవాడికి అది ఒక్క కిలో మాత్రమే.

వ్యూహంలో చేయవలసింది బంతితో విశ్రాంతి తీసుకోవడం. బంతి చిక్కగానే ప్రతిసారీ వింగర్ మీదికి పొడవుగా కొట్టకండి. నాలుగైదు పాసులు వెనుక, మధ్య తిప్పండి. ప్రత్యర్థి పరుగెత్తుతాడు, మన వింగర్ గీత పక్కన నిలబడి ఊపిరి తీసుకుంటాడు. నిమిషం తర్వాత ఇచ్చే ఒక్క పాస్ వెంట వెంటనే ఇచ్చిన మూడు పాసుల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ప్రతి అర్ధభాగంలో ఒకసారి మూడు నిమిషాల నీళ్ళ విరామం అడగండి. 2014 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్, మెక్సికో జట్లు ఫోర్టలేజా ఎండలో ఆడినప్పుడు అలాంటి విరామం ఇచ్చారు. 0-1తో వెనుకబడ్డ నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ ఆ విరామంలోనే జట్టు అమరికను మార్చేశాడు. 88వ నిమిషంలో స్నైడర్ స్కోరు సమం చేశాడు. రెండో అర్ధభాగం చివర కలిపిన నిమిషాల్లో రాబెన్ గోల్ గీత వెంట దూసుకుపోయి పెనాల్టీ సంపాదించాడు, హంటెలార్ దాన్ని గోల్ చేశాడు. నీళ్ళ విరామాన్ని నీళ్ళకే కాకుండా వింగర్‌ను ఎక్కడ నిలబెట్టాలో మార్చుకోవడానికి కూడా వాడుకోండి.

తలతిరగడం, ఒళ్ళు కాలిపోవడం లేదా చెమటతో చల్లబడడం, మాట తడబడడం కనిపిస్తే ఆట అక్కడితో ఆపండి. నీడకు చేర్చి, తడి గుడ్డలతో ఒళ్ళంతా తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మా గ్రౌండు గట్టి నేల. గాలి కూడా ఎక్కువ. వింగర్ ఆట మారుతుందా?

చాలా మారుతుంది. గట్టి నేల మీద బంతి ఎత్తుగా లేస్తుంది, ఆగకుండా దొర్లుతుంది. ఖాళీలోకి వేసిన పాస్ వింగర్‌కు అందకుండా గీత దాటిపోతుంది. కాబట్టి పాస్ మెత్తగా, నేల మీదే ఇవ్వాలి. గాలి మన వెనుక ఉన్న అర్ధభాగంలో పొడవు పాసులు తగ్గించండి. ఎదురుగాలిలో పొడవు పాస్ గాల్లో ఆగి డిఫెండర్‌కు సర్దుకునే వ్యవధి ఇస్తుంది, అప్పుడు కాళ్ళకే ఇవ్వడం మేలు.

అక్టోబరు, నవంబరు వానలకు నల్లరేగడి గ్రౌండు బురదయితే పెద్ద పరుగులు ఆశించవద్దు. బూటుకు అంటిన మట్టే అర కిలో ఉంటుంది.

వింగర్‌ను మధ్యలో మార్చాలా, రెండో అర్ధభాగంలో దింపాలా?

అలసిన డిఫెండర్ ఎదుట తాజా వింగర్ కంటే భయంకరమైన ఆయుధం లేదు. 1999 ఏప్రిల్ 14న ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్‌లో ఆర్సెనల్‌తో డ్రా అయిన సెమీఫైనల్ మళ్ళీ ఆడినప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ వింగర్ ర్యాన్ గిగ్స్ గంట గడిచాక సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. రాయ్ కీన్ ఎర్ర కార్డుతో బయటికి పోవడంతో యునైటెడ్ పదిమందితో మిగిలింది. అదనపు సమయంలో ప్యాట్రిక్ వియెరా తప్పుగా వేసిన పాస్ అందుకుని, సొంత సగం నుంచి ఆర్సెనల్ రక్షణను చీల్చుకుపోయి గోల్ కొట్టాడు. ఆ పరుగును అందరూ చెప్పుకుంటారు. అతని ఎదురుగా ఉన్నవాళ్ళు అప్పటికి వంద నిమిషాలకు పైగా ఆడి ఉన్నారన్నది కూడా చెప్పుకోవాలి.

సబ్‌స్టిట్యూట్ల సంఖ్య టోర్నమెంటును బట్టి మారుతుంది, నిబంధనలు ముందే అడిగి తెలుసుకోండి. ఒకటి మాత్రం పిల్లవాడికి స్పష్టంగా చెప్పాలి. తర్వాత దింపుతున్నది వ్యూహంలో భాగం, శిక్ష కాదు.

మైపాడు బీచిలో ఇసుక మీద పరుగెత్తిస్తే దమ్ము పెరుగుతుందా?

కాళ్ళ బలం పెరుగుతుంది. వారానికి ఒకసారి, తడి ఇసుక మీద, బూట్లు లేకుండా పది పదిహేను నిమిషాలు చాలు. లోతైన పొడి ఇసుకలో గంటలకొద్దీ పరుగెత్తిస్తే పిక్కలు, మడమ వెనుక స్నాయువు దెబ్బతింటాయి.

దమ్ము కోసం ఆటను పోలిన అభ్యాసమే మంచిది. ఇరవై మీటర్ల స్ప్రింట్, నడుస్తూ వెనక్కి రావడం, అర నిమిషం ఆగడం, మళ్ళీ స్ప్రింట్. ఆరు పరుగులయ్యాక మూడు నిమిషాల విశ్రాంతి. ఇలా రెండు విడతలతో మొదలుపెట్టి నెమ్మదిగా మూడుకు పెంచాలి. చివరి రెండు పరుగుల్లో బంతి ఇచ్చి క్రాస్ కొట్టించండి. గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరుగెత్తించడం పాత అలవాటు. అది నెమ్మది పరుగును నేర్పుతుంది, వింగర్‌కు కావలసినది వేరు.

తిండి, నీళ్ళ సంగతి?

మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగు. చేపల పులుసు మ్యాచ్ అయ్యాక తృప్తిగా తినవచ్చు. ముందు గంటలో అరటిపండు. విరామంలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ లేదా కొబ్బరినీళ్ళు. ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్ళను గమనించి, నలుగురిలో అడగకుండా ఏదైనా తినిపించండి.

మా అమ్మాయి వింగర్. త్వరగా ఆయాసపడుతోంది. వ్యూహం మార్చమని కోచ్‌ను అడగాలా?

ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన ప్రాంతంలో ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో సులువుగా తేలిపోతుంది. రక్తం తక్కువగా ఉంటే ఏ వ్యూహమూ దమ్ము ఇవ్వదు. అది సరిగా ఉందని తేలాక పైన చెప్పినవన్నీ అబ్బాయిలకు ఎలా వర్తిస్తాయో అమ్మాయిలకూ అలాగే వర్తిస్తాయి.

పరుగుల దూరం, వేగం కొలిచే జీపీఎస్ చొక్కాలు మా దగ్గర లేవు. లోపం కాళ్ళలో ఉందో వ్యూహంలో ఉందో ఎలా తేల్చాలి?

ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, గట్టు మీద కూర్చునే ఓపికగల మనిషి చాలు. ఆడని పిల్లవాడికి ఈ పని అప్పగిస్తే అతనికి ఆట కూడా అర్థమవుతుంది.

పేజీని పదిహేను నిమిషాల చొప్పున భాగాలు చేయండి. వింగర్ ముందుకు తీసిన ప్రతి పెద్ద పరుగుకు ఒక నిలువు గీత, వెనక్కి తీసిన ప్రతి పెద్ద పరుగుకు ఒక అడ్డగీత. ముందుకు తీసిన పరుగులో బంతి అందితే నిలువు గీత చుట్టూ సున్నా. అతను ఒక్కసారైనా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగితే ఆ సమయం పక్కన రాయండి.

మ్యాచ్ అయ్యాక పేజీ చూడండి. అడ్డగీతలు నిలువు గీతల కంటే ఎక్కువుంటే మీరు అతణ్ణి ఫుల్‌బ్యాక్‌గా వాడుకుంటున్నారు, అలసట మీరు పెట్టినదే. నిలువు గీతలు చాలా ఉండి సున్నాలు లేకపోతే లోపం మిడ్‌ఫీల్డ్‌లో ఉంది. ఇలా పిల్లవాడు పది పరుగులు వృథాగా తీశాక పదకొండోది తీయడు, దాన్ని బద్ధకం అనకండి. గీతలు తక్కువే ఉన్నా, మధ్యలో తగినంత విరామం దొరికినా రెండో భాగం నుంచే మోకాళ్ళ మీద చేతులు పెడుతుంటే అప్పుడు శారీరక దారుఢ్యం, నిద్ర, తిండి, రక్తం చూడాలి.

రెండు మూడు మ్యాచ్‌ల పేజీలు పక్కపక్కన పెట్టి చూశాకే నిర్ణయానికి రండి. ఒక్క మ్యాచ్‌లో ప్రత్యర్థి బలమూ, ఎండా లెక్కను తారుమారు చేస్తాయి.

తండ్రిగా ఈ విషయాలు కోచ్‌తో ఎలా మాట్లాడాలి?

మ్యాచ్ మధ్యలో గీత బయటి నుంచి అరవకండి. ప్రాక్టీసు అయ్యాక, పిల్లలు వెళ్ళాక ఆ నోటుపుస్తకం చూపించి, "సార్, ఈ పరుగులు ఒకసారి చూడండి" అని అడగండి. పిల్లవాడి ముందు కోచ్‌ను తప్పుపట్టవద్దు, కోచ్ ముందు పిల్లవాణ్ణి పొగడవద్దు. స్కూళ్ళలో ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ అన్నీ చూసుకుంటారు. ఆయనకు మీ లెక్క భారం కాకుండా సాయంగా అందాలి. వీలైతే తర్వాతి మ్యాచ్‌కు రెండో వింగర్ పరుగులు కూడా మీరే రాసి ఇవ్వండి.